ఏడాదికి నాలుగుసార్లు అమ్మవారు

పోయిన నెల గొంతునొప్పీ జ్వరమూ పది రోజులు వదలకపోతే రక్తం పరీక్షకు ఇచ్చాను. వచ్చిన కాగితాల్లో రెండో పేజీ అడుగున ఒక వైరస్ పేరుంది. దానికి ఎదురుగా, ఎప్పుడో సోకి పోయిందని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి.

"దీనికి భయపడొద్దు మేడం. ఇది దాదాపు అందరికీ ఉంటుంది. చిన్నప్పుడే వచ్చి ఒంట్లో నిద్రపోతుంటుంది" అంది డాక్టరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది.

"అందరికీ ఉండేదాన్ని నా కాగితం మీద రాయడం ఎందుకు?"

"మీరే కదా అన్ని పరీక్షలూ చెయ్యమన్నారు."

నిజమే, నేనే అన్నాను. అయినా ఇంకో నాలుగు మాటలు వాదించి, ఓడిపోయి, బయటికొచ్చి బస్టాండు బెంచీ మీద కూర్చున్నాను. కొండల మీద సారల్ పడుతోంది. ఎండలోనే రాలే ఆ పొడి జల్లు మా ఊరి మీదికి వస్తున్నట్టే ఉంటుంది, రాదు. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తల దించి చూసుకుంటే చేతిలో కాగితం నాలుగు మడతలై ఉంది. అంచులు లోపలికి తిరిగి, కొస ఎక్కడుందో తెలియకుండా. గాయం మీద వేసే గుడ్డను అలా మడుస్తారు. ఆ మడత నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. ఆమె కాగితం మీదా ఇదే వైరస్ పేరు ఉండేది.

ఆమె పేరు మాత్రం రాయను. వాళ్ళ అత్త ఇంకా ఉంది, మా పక్క వీధిలోనే ఉంది. ఆ ముసలామెతో నాకు తీరని తగాదాలు కొన్ని ఉన్నా, ఆమె కోడలి పేరు అచ్చులో పెట్టే హక్కు నాకు లేదనుకుంటాను.

*

రాజపాళయం నుంచి సత్రపట్టి వైపు బస్సులో వెళ్ళే కొత్తవాళ్ళు కిటికీలోంచి ఒకదాన్ని చూసి కళ్ళు నులుముకుంటారు. చేల మధ్య ఖాళీ నేలలో తెల్లటి పలచని గుడ్డ, కర్రల మీద బారలు బారలుగా ఆరుతుంటుంది. కొండ గాలి వీచిందంటే మొత్తం ఒక్కసారి లేచి, కాసేపు నేలను మరిచిపోయి, మళ్ళీ మెల్లగా దిగుతుంది. కొందరు మబ్బనుకుంటారు. అది బ్యాండేజి గుడ్డ. ఊళ్ళోని మగ్గాల మీద నేసి, ఉతికి, తెల్లబరిచి, అలా ఆరేసి, మడిచి, ఎక్కడెక్కడి ఆస్పత్రులకో పంపుతారు.

అలాంటి ఒక కంపెనీలో నాది క్వాలిటీ చూసే పని. బి.ఎస్సీ. చదివి, చిన్న భూతద్దం పట్టుకుని అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూస్తాను. తక్కువుంటే కట్ట వెనక్కి. "రోజంతా తప్పులు పట్టే పని, నీ కోసమే పుట్టించినారు" అంటాడు మా ఆయన. ఆయనతో ఆ విషయంలో నాకు వాదన లేదు.

ఆమె మడత సెక్షన్‌లో ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, నలభై దాటి ఉంటుంది. కంపెనీలో అందరూ నన్ను మేడం అనేవాళ్ళు. ఆమె ఒక్కతే "పాపా" అనేది. ఒకటి రెండుసార్లు మొహం చిట్లించాను. ఆ చిట్లింపు ఆమెకు అందలేదు. ఆమెకు చాలా విషయాలు కొంచెం ఆలస్యంగా, నీళ్ళలోంచి వచ్చినట్టు అందేవి. చేతులు మాత్రం అలా కాదు. చూపు ఎక్కడో ఉండగా చేతులు వాటంతటవి మడుస్తూ పోయేవి. గుడ్డ అయిపోతే బస్సు టికెట్ మడిచేది. అన్నం తిన్న ఆకునైనా అంచులు లోపలికి తిప్పి నాలుగు మడతలు పెట్టి గాని పారేసేది కాదు.

ఒకరోజు మడవని గుడ్డ ముక్కొకటి మొహానికి అడ్డంగా పట్టుకుని, అందులోంచి నావైపే చూస్తోంది.

"ఏం చూస్తా ఉండావక్కా?"

"నిన్నే పాపా. దీనిలోనుంచి చూస్తే నీ మొగంలో కోపం కనబడలేదు."

"కోపం నీ కట్టలో ఉండాది. పోగు వేలాడతా ఉండాది చూడు."

"ఉండనీ పాపా. అదీ ఉండనీ."

"గాయంలో పోతుంది అది."

ఆ మాట చాలు. పనంతా అయిపోయిన కట్టనైనా విప్పేసేది. ఎవరి గాయమో, ఏ ఊళ్ళోనో, ఇంకా తగలనైనా తగలని దెబ్బ. దాన్ని తలుచుకుని ఆమె మొహం నిజంగానే నొప్పి పడ్డట్టయ్యేది.

అదీ ఉండనీ. ఆ మాట ఆమె రోజుకి పదిసార్లు అనేది. కాఫీలో చీమ ఉంటే, బస్సులో ఎవరిదో మూట ఒళ్ళోకి వస్తే, సూపర్‌వైజరు తిడితే. నాకు ఒళ్ళు మండేది. దేన్నీ ఉండనివ్వకపోవడమే నా జీతం కదా.

*

ఆమెకు ఏడాదికి మూడు నాలుగుసార్లు అమ్మవారు వచ్చేది.

ఒంట్లో జ్వరం కాగుతుంటే చేతుల మీదా పాదాల మీదా పొక్కులు లేచేవి. అది కనబడగానే వాళ్ళ అత్త గుమ్మానికి వేపమండ కట్టేసేది. అప్పటినుంచీ ఇంట్లో తాలింపు వేయరు, డాక్టరు దగ్గరికి పోరు, మందు నోట్లో పెట్టరు. పొక్కులు ఎండాక వేపాకూ పసుపూ వేసిన నీళ్ళు మూడుసార్లు పోస్తే అమ్మ దిగినట్టు. పదిహేను రోజులకి ఆమె పనికి తిరిగొచ్చేది, చేతుల మీద నల్లటి పెచ్చులతో, కొంచెం చిక్కి, ఇంకొంచెం దూరంగా.

మామూలుగా ఎవరికైనా అమ్మ ఒక్కసారి వచ్చి పోతుంది. ఈమెకు మళ్ళీ మళ్ళీ వస్తోందంటే వట్టి మనిషి కాదని వీధి తేల్చేసింది. పిల్లలు కలగని ఆడది, మగ్గం షిఫ్టు నుంచి వచ్చి మాట్లాడకుండా పడుకునే మొగుడు, మామూలు రోజుల్లో "మొద్దుదానా" అని తప్ప పిలవని అత్త. కానీ ఆ పదిహేను రోజులూ ఆ అత్తే "తల్లీ" అని పిలిచేది. వేపాకుతో విసిరేది. చలవ అన్నం కలిపి నోట్లో పెట్టేది. సందేళ ఆడవాళ్ళు గుమ్మం బయట నిలబడి, అల్లుడికి పని దొరుకుతుందా, కూతురికి కాన్పు సుఖంగా అవుతుందా అని అడిగి పోయేవాళ్ళు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ముసలామె గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"తలకి పోసుకొని వచ్చినావా?"

"బస్సులో వచ్చినాను అవ్వా."

"అయితే అక్కడనే నిలుచుకో."

అక్కడే నిలబడ్డాను. లోపల చీకట్లో తెల్ల దుప్పటి మీద ఆమె పడుకుని ఉంది. జ్వరంలో కళ్ళు మెరుస్తున్నాయి.

"గుడ్డ అంతా లేచి నడుచుకుంటా కొండకి పోయినాది పాపా" అంది, కంపెనీ కబురు చెబుతున్నట్టే. "నేనూ వెనకనే పోయినాను. పైన ఎవరికో దెబ్బ తగిలినాది. శానా పెద్ద గాయం. చుట్టినాను, చుట్టినాను, చాల్లేదు."

"ఎవరికక్కా?"

"మొగం కనబడలేదు. మంచు."

బయట ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. నేను మటుకు ఆ చేతుల వంక చూస్తున్నాను. మోచేతి నుంచి వేళ్ళ దాకా పొక్కులు. పాదాల మీద పొక్కులు. మెడ మీద ఒకటి. రవిక కప్పిన భుజం మీద ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ తర్వాత వర్షాల్లో కంపెనీలో ఆమె మణికట్టు మీద దోమ వాలింది. నా కళ్ళముందే. ఆమె చెయ్యి తియ్యలేదు. అది తాగి లేచిపోయేదాకా చూస్తూ కూర్చుంది. మర్నాటికి అక్కడ రూపాయి బిళ్ళంత పొక్కు. నా పోగుల అద్దం పెట్టి చూశాను. నడిమధ్య సూది మొనంత నల్ల చుక్క. మూడో రోజుకి జ్వరం.

"అక్కా, అమ్మ చీర కప్పిన చోటికి రాదా? అంత సిగ్గా ఆమెకి?"

ఆమె నవ్వింది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"దోమ కుట్టినచోటనే వస్తా ఉండాది. నేను చూసినాను."

"నేనూ చూసినాను పాపా. శానా దినాలైనాది చూసి."

"తెలుసా నీకు? తెలిసీ నోరు మూసుకొని పడుకొంటా ఉండావా?"

ఆమె చేతిలో గుడ్డ మడతలు ఆగాయి. అలా ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"దోమ అని చెబితే పొద్దన్నే లేచి పనికి పో అంటుంది మా అత్త. అమ్మ అంటే నా తల నిమురుతుంది. నువ్వే చెప్పు, ఏది చెప్పేది?"

 

*

మరుసటి ఏడు ఆమె మెడ పక్కన గడ్డలు లేచాయి. ఒకటి కాదు, పూసల్లా వరసగా. జ్వరం పొక్కులతో పని లేకుండా రావడం మొదలుపెట్టింది. మడుస్తూ మడుస్తూ బల్ల మీద తల వాల్చేసేది. మదురై ఆస్పత్రికి పోదాం రమ్మని నెల రోజులు పోరాను. "అమ్మ ఉండే ఒంటిమీద కత్తి పెట్టనీయదు మా అత్త" అనేది. "అమ్మ లేదని నీకు తెలుసు కదా" అంటే, "లేదని ఎవరు చెప్పినారు? దోమ మీద కూర్చొని వస్తా ఉండాదేమో" అనేది. వాదనలో నన్ను అంత మెత్తగా ఓడించినవాళ్ళు ఇంకొకరు లేరు.

చివరికి ఆమే ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది.

"ఏమి చెప్పినా ఇంట్లో చెప్పకూడదు పాపా. గడ్డ తీసినారు అనేదానితో నిలిపెయ్. అమ్మ అట్లనే ఉండనీ."

"శరి" అన్నాను.

మదురైలో ఒక గడ్డ కోసి తీసి పరీక్షకు పంపారు. మూడు వారాలకు మళ్ళీ పిలిచారు. అక్కడి పెద్ద డాక్టరు కాగితాలు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది అందరిలోనూ ఉండే వైరస్. చిన్నప్పుడు ఎంగిలి ద్వారా వస్తుంది, మామూలు జ్వరంలా పోతుంది, తర్వాత బతికినంత కాలం లోపల నిద్రపోతుంది. ఈమెలో నిద్రపోలేదు. అది కాపురమున్న తెల్ల కణాలు అదుపు తప్పి పెరుగుతున్నాయి. దోమ కుడితే అవి ఇంకా రెచ్చిపోతాయి. ఇలాంటిది చిన్నపిల్లల్లో ఎప్పుడైనా చూస్తాం, అదీ అరుదు. ఇంత వయసులో మొదలైనవాళ్ళను నేను చూడలేదు."

"క్యాన్సరా?" అని నేను అడిగాను.

"ఇంకా కాదు. ఆ దారిలో ఉంది. మాత్రలతో అణచిపెట్టవచ్చు. నయం కావాలంటే తోడబుట్టినవాళ్ళ ఎముక మూలుగ సరిపోవాలి."

ఆమె అంతసేపూ ఆయన బల్ల మీది దూది డబ్బాను చూస్తోంది. చివరికి తలెత్తింది.

"అందరిలో నిద్రపోయేది నాలో ఏమిటికి మేలుకొన్నాది సార్?"

"తెలియదమ్మా. ఎవరికీ సరిగ్గా తెలియదు."

"నిద్ర పట్టలేదేమో, పావం" అంది. "అదీ ఉండనీ."

చోళపురంలో ఉన్న ఆమె తమ్ముడు వచ్చి మూలుగ పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్ళాడు. సరిపోలేదు. అన్నం తింటుండగా వచ్చింది ఆ కబురు. ఆమె విని, సరే అని, చెయ్యి కడుక్కుంది. మాత్రలు మొదలుపెట్టారు. మధ్యలో ఒక్కరోజు కూడా ఆపకూడదని డాక్టరు నా వైపు తిరిగి మరీ చెప్పాడు, ఇద్దరిలో గట్టిదాన్ని నేనే అనుకుని.

*

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

నెల తిరక్కుండానే మళ్ళీ పొక్కులు లేచాయి. నేను వెళ్ళేసరికి గుమ్మానికి వేపమండ, బయట నలుగురు ఆడవాళ్ళు. మాత్రలేవని అడిగితే ముసలామె సామి పటం వెనక చూపించింది. ఐదు రోజుల మాత్రలు అక్కడ పేర్చి ఉన్నాయి.

"అమ్మ దిగినంక వేసుకొంటుంది. అమ్మ ఉండేటప్పుడు మందు పెడితే ఆమెకి కోపం రాదా?"

"ఆపితే ప్రాణం పోతుందని చెప్పినారు అవ్వా."

"ఎవరు చెప్పినారు? అమ్మ కంటే పెద్దవాడా వాడు?"

నా నోరు నాకు తెలుసు. అది ఒకసారి బయల్దేరితే వెనక్కి రాదు. "అమ్మా లేదు గిమ్మా లేదు" అన్నాను. "అది వైరస్. రక్తంలో ఉండాది. మదురైలో గడ్డ కోసి చూసి చెప్పినారు."

 కొరోనా పోయి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఆ మాట విన్నవాళ్ళ కాళ్ళు వాటంతటవే ఒక అడుగు వెనక్కి వేశాయి.

"వైరసా? కొరోనా మాదిరా?" అంది ముసలామె.

"కొరోనా కాదు. ఇది అందరికీ ఉండేదే. నాకూ ఉండాది, నీకూ ఉండాది."

"నాకా?" అని ముసలామె రెండు చేతులూ చీరకు తుడుచుకుంది.

లోపలి చీకట్లోంచి ఆమె నన్ను చూసింది. కోపం ఉంటే బాగుండేది. దుప్పటి అంచు లాక్కుని, లోపలికి తిప్పి మడిచి, గోడవైపు తిరిగింది.

మాత్రలు ఆనాటినుంచి వేళకు పడ్డాయి. అది మటుకు గెలిచాను. వారం లోపల ఆమె చాప బయటి తిణ్ణె మీదికి వచ్చింది. కంచమూ గ్లాసూ వేరయ్యాయి. ముసలామె అన్నం తెచ్చి దూరంగా పెట్టి పక్కకు తప్పుకునేది. మొగుడు రెండో షిఫ్టు అడిగి వేయించుకున్నాడు.

కబురు కంపెనీకి చేరింది. మా ఓనరు నాకు దూరపు చుట్టం, మామ అని పిలుస్తాను.

"ఇది ఆస్పత్రికి పోయే సరుకు" అన్నాడు. "వైరస్ ఉండే మనిషి మడిచినాదని బయట తెలిస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఉడికించి, శుద్ధి చేసి కదా పంపేది. ఇంకా, ఆ వైరస్ మీకూ ఉంటుంది మామా."

కాఫీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళినవాడు దింపేశాడు. "నువ్వు కొంచెం నోరు మూసుకొని ఉంటే అందరికీ మంచిది" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పింది సరైనదే. ఆమెను మడత సెక్షన్ నుంచి తీసి, బయట ఆరేసే నేలకు మార్చారు. గుడ్డ ఎగిరిపోకుండా చూసే పని. పక్కనే ఉతుకుడు నీళ్ళ కాలువ. కాలువ నిండా దోమలు.

పోగులు తగ్గాయని నేను వెనక్కి పంపిన గుడ్డ గోడౌన్‌లో కట్టలకొద్దీ ఉంది. రెండు కట్టలు ఇంటికి తెచ్చి, మూడేసి వరసలు వేసి, తల నుంచి పాదాల దాకా ఒక అంగీ కుట్టాను. కుట్టు నాకు చేతకాదు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయింది. ఆమె తొడుక్కుని, రెండు చేతులూ చాచి చూసుకుని, "శరిగ్గా ఉండాది పాపా" అంది.

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు వచ్చేది ఆ రూపమే. బారలు బారలుగా ఆరే తెల్లగుడ్డ, దాని నడుమ తెల్లగుడ్డలో ఆమె. గాలి వస్తే అన్నీ కలిసి లేచేవి. ఏది గుడ్డో ఏది మనిషో కనుక్కోవడానికి నేను మేడ మీది కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. ఒక్కోసారి ఆమె లేదేమో అనిపించేది. ఇంకోసారి ఆ నేలంతా ఆమే అనిపించేది. అన్నం వేళకు కిందికి దిగి వెళితే, గుడ్డ కప్పిన మొహంలోంచి నవ్వు కనబడేది, పలచగా.

ఒకరోజు అక్కడే అన్నాను.

"తప్పు నాదే అక్కా."

"నీ తప్పేముండాది. నిజమే కదా చెప్పినావు."

"చెప్పనని నీకు మాటిచ్చినాను కదా."

ఆమె అవునన్నట్టు తలూపింది. "ఆమా" అంది. "ఇచ్చినావు."

అంతే. ఆ "ఆమా" లో నింద లేదు. లెక్క సరిగ్గా ఉందని ఒప్పుకున్నట్టుంది. దాన్ని మోయడం తిట్టు మోయడంకంటే కష్టం.

*

మాత్రలు ఎనిమిది నెలలు పనిచేశాయి. ఆ తర్వాత కాలేయం వాచింది, రక్తం తగ్గిపోతూ వచ్చింది. మదురైలో ఇరవై రోజులు ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికీ జ్వరానికీ మాత్రలు ఇచ్చారు. తిణ్ణె మీద మంచం వేశారు. ఒళ్ళంతా కొత్త పొక్కులు. దోమలు కుట్టకుండానే.

నేను సాయంత్రాలు వెళ్ళి మందు రాసి, కూర్చునేదాన్ని. ఎక్కువగా నిద్రలోనే ఉండేది. ఆ నిద్రలోకీ బయటికీ దారి ఆమెకు బాగా తెలిసినట్టుండేది. నడిచి వెళ్ళి నడిచి వచ్చేది. ఒకరోజు వచ్చి, కళ్ళు తెరిచి, చాలా తేటగా అడిగింది.

"పాపా, ఈసారి వచ్చినాది అమ్మనే అని మా అత్తకి చెప్పు."

"అబద్ధం నేను చెప్పనక్కా. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే నువ్వు చెబితే నమ్ముతుంది."

నేను మందు డబ్బా మూత బిగించాను.

"ఇంట్లో మనిషి చెయ్యి తగిలి ఎన్ని నెలలైనాది" అంది.

"నా చెయ్యి?"

"నీది మందు పెట్టే చెయ్యి."

లేచి లోపలికి వెళ్ళాను. ముసలామె వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కాళ్ళు ముడుచుకుంది.

"అవ్వా, ఈసారి అమ్మ వచ్చినాది."

"వైరస్ అని వీధి అంతా చాటినావు కదా."

"అప్పుడు అది. ఇప్పుడు ఇది. ఒళ్ళు చూసినాను."

"మరి మాత్ర ఎట్ల లోపలికి పోతా ఉండాది?"

"మాత్ర వేసుకోమని అమ్మే చెప్పినాది."

"ఎవరితో?"

"నాతో."

"నీతో" అంది ముసలామె. నా జుట్టు నుంచి చెప్పులు విడిచిన కాళ్ళ దాకా చూసింది. "నీతో అమ్మ మాట్లాడినాదా?"

"వాదన పెట్టుకొన్నాను. గెలవలేదు."

చాలాసేపు నా మొహంలోకే చూసింది. ముసలి కళ్ళు, పొర పట్టిన కళ్ళు, అయినా పోగులు లెక్కపెట్టే నా అద్దంకంటే పదునైనవి. ఆమె నమ్మిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. అడగలేదు. అడగకుండా ఉన్నవి నా బతుకులో చాలా తక్కువ, అందులో ఇదొకటి.

ముసలామె లేచి పెరట్లోకి పోయింది. నీళ్ళు పోసుకునే చప్పుడు వినబడింది. తడి జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి, చద్దన్నంలో మజ్జిగ పోసి, చేత్తో పిసికి, గిన్నె పట్టుకుని తిణ్ణె మీదికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. గిన్నె దూరంగా పెట్టి పక్కకు తప్పుకుంటుందేమోనని చూస్తున్నాను. ముసలామె మంచం పట్టె మీద కూర్చుంది. కాస్త ఆగి, ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"తల్లీ" అంది. "నా మీద కోపమా?"

ఆమె కళ్ళు తెరిచింది. ఎక్కడినుంచి వచ్చిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో.

"లేదు" అంది. "ఆకలేస్తా ఉండాది."

ముసలామె మొదటి ముద్ద పెట్టింది. సగం పెదవి మీదే నిలిచిపోతే, దాన్ని బొటనవేలితో లోపలికి నెట్టి, గడ్డం కింద కారిన మజ్జిగను అదే చేత్తో తుడిచి, ఇంకో ముద్ద కలిపింది.